40 ఏళ్ళు క్లోజ్ అయి ఉన్న టికెట్: అంతరిక్షంలో కళ్ళకి ఏమవుతుంది?

ఈ ఎపిసోడ్‌ని ఒక చిన్న కాగితం ముక్కతో మొదలుపెడదాం.

1962 ఫిబ్రవరి 20. అమెరికాలోని ఫ్లోరిడా. జాన్ గ్లెన్ అనే 40 ఏళ్ళ పైలట్ ఫ్రెండ్‌షిప్ 7 అనే బుల్లి క్యాప్సూల్‌లో ఇరుక్కుని కూర్చున్నాడు. భూమి చుట్టూ తిరగబోతున్న మొదటి అమెరికన్ ఆయనే. ఆయన ముందు బోలెడన్ని మీటర్లు, స్విచ్‌లు. వాటి మధ్యలో కళ్ళ డాక్టర్ దగ్గర గోడకి ఉంటుంది చూడండి, పైన పెద్ద అక్షరం, కిందికి వచ్చేకొద్దీ చిన్న అక్షరాలు, ఆ చార్ట్ ఒకటి అతికించారు. బాగా చిన్న సైజులో. ఇంచుమించు ప్రతి 20 నిమిషాలకోసారి అది చదవాలి. అదీ ఆయనకిచ్చిన పని.

రాకెట్ ఎక్కినవాడికి ఐ టెస్ట్ ఏంటి అనుకుంటున్నారు కదా? అప్పటి కొందరు కళ్ళ డాక్టర్ల భయం ఏంటంటే, బరువు అనేదే లేని చోట కనుగుడ్డు ఆకారం మారిపోవచ్చు, చూపు మసకబారొచ్చు, అప్పుడు మనిషి తన ముందున్న మీటర్లే చదవలేకపోవచ్చు అని. ఆ రోజుల్లో ఇంకొన్ని భయాలు కూడా ఉండేవి. గ్రావిటీ లేకపోతే అసలు మింగడం కుదురుతుందా అని కూడా అనుమానపడ్డారు. అందుకే గ్లెన్ పైన ట్యూబ్‌లోంచి ఆపిల్ గుజ్జు తిని చూపించాడు.

గ్లెన్ మూడు చుట్లు తిరిగి, 4 గంటల 55 నిమిషాల్లో కిందికి వచ్చేశాడు. చార్ట్ చక్కగా చదివాడు. చూపు ఓకే. డాక్టర్ల భయం వట్టిదే అని తేలిపోయింది.

తేలిపోయింది అని అందరూ అనుకున్నారు. అసలు కథ అక్కడే మొదలైంది.

నిజానికి తర్వాతి సంవత్సరం కథ పూర్తిగా రివర్స్ అయింది. 1963 మేలో గోర్డన్ కూపర్ ఒక రోజుకి పైగా కక్ష్యలో ఉన్నాడు. కిందికి వచ్చి, హిమాలయాల వైపు ఇళ్ళు కనిపించాయి, వాటి పొగ కనిపించింది అన్నాడు. అంత ఎత్తు నుంచి ఇల్లు కనిపించడమేంటి అని చాలామంది నమ్మలేదు. భ్రమ పడ్డాడేమో అన్నారు. లేక అంతరిక్షంలో చూపు ఇంకా మెరుగవుతుందా?

దీన్ని తేల్చడానికి ఒక అందమైన ప్రయోగం చేశారు. కాలిఫోర్నియా యూనివర్సిటీలో సైబర్ట్ డంట్లీ అనే శాస్త్రవేత్త, చూపు గురించే రీసెర్చ్ చేసే ల్యాబ్ నడిపేవాడు. ఆయన టీమ్ టెక్సాస్‌లో లరేడో దగ్గర, ఆస్ట్రేలియాలో కార్నార్వన్ ప్రాంతంలో నేల మీద పెద్ద పెద్ద గుర్తులు పరిచింది. అంటే ఏంటి? భూమినే ఐ చార్ట్ చేసేశారు! 1965 ఆగస్టులో జెమినీ 5లో వెళ్ళిన కూపర్, పీట్ కాన్రాడ్ పైనుంచి వాటిని చూసి ఏ గుర్తు ఎటు తిరిగి ఉందో చెప్పాలి. క్యాప్సూల్ లోపల కూడా చూపు పరీక్షించే ఒక పరికరం పెట్టారు. అదే డిసెంబర్‌లో జెమినీ 7లో ఫ్రాంక్ బోర్మన్, జిమ్ లోవెల్ 14 రోజులు ఉన్నప్పుడు మళ్ళీ ఇదే టెస్ట్.

రిజల్ట్? చూపు పెరగలేదు, తగ్గలేదు. భూమి మీద ఎలా ఉందో అలాగే ఉంది.

ఇక్కడ నా పాత ఉద్యోగం గుర్తొస్తుంది. నేను వీడియోలు మొదలుపెట్టకముందు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. ఒక బగ్ రిపోర్ట్ వస్తుంది. టెస్ట్ చేస్తాం. ఏమీ దొరకదు. టికెట్ క్లోజ్ చేసేస్తాం. అది తప్పేం కాదు, చేసిన టెస్ట్ నిజాయితీగానే చేస్తాం. కానీ మెమరీ లీక్ అని ఒకటుంటుంది. గంట నడిపితే కనిపించదు. రోజు నడిపినా కనిపించదు. నెలల తరబడి సర్వర్ ఆపకుండా నడిపితే అప్పుడు ఒక తెల్లవారుజామున ఫోన్ మోగుతుంది. 1965లో జరిగింది అదే. 14 రోజుల టెస్ట్ 14 రోజుల సమాధానమే ఇస్తుంది. ఆరు నెలల సమాధానం దాంట్లో ఉండదు.

తర్వాత ఏమైందో చూద్దాం. 1973-74లో స్కైల్యాబ్ అనే స్టేషన్‌లో మూడు బృందాలు వరుసగా 28, 59, 84 రోజులు ఉన్నాయి. అక్కడ ఒక విషయం స్పష్టంగా తెలిసింది. అంతరిక్షంలోకి వెళ్ళగానే మనిషి మొహం ఉబ్బుతుంది, కాళ్ళు సన్నబడతాయి. ఆ కాళ్ళని సరదాగా పిట్ట కాళ్ళు అనేవాళ్ళు. కారణం సింపుల్. ఇక్కడ మనం నిలబడితే రక్తం, ఇతర ద్రవాలు కిందికి లాగబడతాయి. అక్కడ ఆ లాగే శక్తి ప్రభావం లేదు కాబట్టి అవి పైకి, ఛాతీలోకి, తలలోకి చేరతాయి. రెండు కాళ్ళలోంచి కలిపి సుమారు 2 లీటర్ల దాకా. రెండు పెద్ద వాటర్ బాటిళ్ళ ద్రవం పైకి జరిగిందన్నమాట.

మొహం ఉబ్బింది, ముక్కు దిబ్బడేసింది. ఇవి అద్దంలో కనిపిస్తాయి. కానీ అదే ఒత్తిడి కంటి వెనక ఏం చేస్తోందో అద్దంలో కనిపించదు కదా.

ఆ తర్వాతి దశాబ్దాల్లో, స్పేస్ షటిల్ కాలంలో, వ్యోమగాముల మధ్య ఒక మాట నలిగేది. పైకి వెళ్ళాక దగ్గరివి సరిగ్గా కనిపించట్లేదు, చెక్‌లిస్ట్ చదవాలంటే చెయ్యి చాపి దూరంగా పట్టుకోవాల్సి వస్తోంది అని. వెళ్ళేవాళ్ళలో చాలామంది నలభై దాటినవాళ్ళు. నలభై దాటితే చత్వారం మామూలే కదా అనుకున్నారు. నాసా ఏం చేసిందంటే, ముందుజాగ్రత్తగా కాస్త ఎక్కువ ప్లస్ పవర్ ఉన్న కళ్ళద్దాలు కూడా పంపేది.

కొంచెం ఆగి ఆలోచించండి. ప్రాబ్లం ఉందని తెలుసు. దానికి కళ్ళజోడు కూడా సర్దేశారు. కానీ అసలు కళ్ళజోడు ఎందుకు కావాల్సి వస్తోంది అనే ప్రశ్నకి ఫైల్ మాత్రం చాలా ఏళ్ళు తెరవలేదు.

తర్వాత సుమారు 300 మంది వ్యోమగాముల ప్రశ్నాపత్రాలు తీసి చూస్తే, చిన్న మిషన్లకి వెళ్ళినవాళ్ళలో సుమారు 29 శాతం, దీర్ఘకాలం ఉన్నవాళ్ళలో సుమారు 60 శాతం చూపు తగ్గిందని చెప్పారు. ఇంతమంది!

మరి ముందే ఎందుకు బయటికి రాలేదు? దీనికి నా దగ్గర ఒక ఇంటి కథ ఉంది. మా పెదనాన్న లారీ డ్రైవర్. లైసెన్స్ రెన్యువల్‌కి ఐ టెస్ట్ ఉంటే, ముందు వెళ్ళొచ్చినవాళ్ళని అడిగి ఆ చార్ట్‌లో అక్షరాలు బట్టీ పట్టేశాడు. మాకు ఆ విషయం చాలా ఏళ్ళ తర్వాత, ఆయన స్టీరింగ్ వదిలేశాక, నవ్వుతూ చెప్పాడు. మేం నవ్వలేదు. ఆయన మోసగాడు కాదు. కళ్ళు పోయాయంటే బండి పోతుంది, బండి పోతే ఇల్లు ఎలా? అదీ ఆయన భయం. పైలట్ అయినా, వ్యోమగామి అయినా, కళ్ళు అంటే జీవనోపాధి. ఫలానా వ్యోమగామి దాచాడు అని నేను అనట్లేదు. కానీ "చిన్న మసకే కదా, కిందికి వెళ్తే అదే పోతుంది" అని మనసుకి సర్దిచెప్పుకోవడం మనిషన్నవాడు ఎవడైనా చేసేదే.

2005లో జాన్ ఫిలిప్స్ విషయంలో జరిగింది అలాంటిదే. ఆయన అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో, మనం ఐఎస్ఎస్ అంటాం, 179 రోజులున్న మిషన్‌లో పాల్గొన్నాడు. కొన్నాళ్ళకి కిటికీలోంచి చూస్తే భూమి మసకగా కనబడింది. అదే సర్దుకుంటుందిలే అనుకున్నాడు. సర్దుకోలేదు. వెళ్ళేముందు ఆయన చూపు 20/20, అంటే మన డాక్టర్లు 6/6 అనే పర్ఫెక్ట్ చూపు. తిరిగొచ్చాక 20/100. అంటే మామూలు మనిషి 100 అడుగుల దూరం నుంచి చదివేది ఆయన 20 అడుగుల దగ్గరికి వస్తే గానీ చదవలేడు. ఆరు నెలల్లో. డాక్టర్లు ఎంఆర్ఐ తీశారు, వెన్నులోంచి ద్రవం తీసి ఒత్తిడి కొలిచారు. టికెట్ మళ్ళీ ఓపెన్ అయింది. 1965 నుంచి లెక్కేస్తే 40 ఏళ్ళకి.

నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన సీన్ 2009లో ఉంది. ఆ ఏడాది ఐఎస్ఎస్‌లో ఇద్దరు డాక్టర్లు ఒకేసారి ఉన్నారు. అమెరికా నుంచి మైకేల్ బారట్, కెనడా నుంచి రాబర్ట్ థర్స్క్. ఇద్దరికీ దగ్గరి చూపులో తేడా తెలిసింది. ఇద్దరూ డాక్టర్లే కాబట్టి ఆగలేదు. గాల్లో తేలుతూ ఒకరి కళ్ళలోకి ఒకరు పరికరం పెట్టి చూసుకున్నారు. కంటి వెనక, కంటి నరం మొదలయ్యే చోట వాపు లక్షణాలు కనిపించాయి. భూమి మీద ఏ డాక్టరైనా అది చూస్తే వెంటనే "మెదడులో ఒత్తిడి పెరిగిందా?" అని అడుగుతాడు. అంటే సమస్య కళ్ళజోడుతో పోయేది కాదు. ఇది కంటి కథ మాత్రమే కాదు, మెదడు కథ కూడా.

2011లో థామస్ మేడర్ అనే కంటి డాక్టర్, సహచరులతో కలిసి, ఆరు నెలలు ఉండి వచ్చిన ఏడుగురి కళ్ళ వివరాలు ప్రచురించాడు. ఏడుగురిలో ఐదుగురికి కంటి నరం మొదట్లో వాపు. ఐదుగురికి కనుగుడ్డు వెనక భాగం చదునుగా అయింది. ఐదుగురికి రెటీనా వెనక పొరలో ముడతలు.

1962 నాటి డాక్టర్ల భయం గుర్తుందా? కనుగుడ్డు ఆకారం మారుతుందేమో అని. మారింది. వాళ్ళు అడిగిన ప్రశ్న కరెక్టే. జవాబు కోసం వేచి చూసిన టైమే చాల్లేదు.

ఇప్పుడు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. మన కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి సుమారు 24 మిల్లీమీటర్లు ఉంటుంది. వెనక గోడ రెటీనా, అంటే సినిమా హాల్లో తెర లాంటిది. వెనక నుంచి ఎవరో నొక్కినట్టు ఆ గోడ చదునైతే, తెర ముందుకి జరిగినట్టే. బొమ్మ సరిగ్గా తెర మీద పడదు. దగ్గరివి మసకగా కనిపిస్తాయి, ప్లస్ పవర్ కావాలి. ఒక్క మిల్లీమీటర్ జరిగితే చాలు, పవర్ దాదాపు 3 దాకా మారుతుంది.

వెనక నుంచి నొక్కేది ఎవరు? మెదడు, వెన్నుపాము చుట్టూ ఒక పారదర్శకమైన ద్రవం ఉంటుంది. కంటి నరం చుట్టూ ఉండే తొడుగులో కూడా అదే ద్రవం. తలలో ఏం జరిగినా కంటి వెనకదాకా దారి ఉందన్నమాట. అందుకే మొదట్లో ఈ సమస్యకి పెట్టిన పేరులోనే "మెదడులో ఒత్తిడి" అనే మాట ఉండేది. విఐఐపి అనేవారు.

కానీ ఒక చిక్కు. భూమి మీద మెదడులో ఒత్తిడి పెరిగినవాళ్ళకి విపరీతమైన తలనొప్పి, చెవిలో గుండె చప్పుడు వినిపించడం లాంటివి ఉంటాయి. వ్యోమగాములకి అవి మామూలుగా లేవు. మరి నిజంగా ఒత్తిడి పెరిగిందా?

దీన్ని కొలవడం చాలా కష్టం. పుర్రెకి రంధ్రం పెట్టి కొలవడానికి ఎవరు ఒప్పుకుంటారు? టెక్సాస్‌లో బెంజమిన్ లెవిన్, జస్టిన్ లాలీ టీమ్‌కి ఒక దారి దొరికింది. పూర్వం క్యాన్సర్ చికిత్స కోసం తలలో ఒక చిన్న పోర్ట్ అమర్చి ఉన్న మనుషులు. చికిత్స అయిపోయింది, పోర్ట్ మాత్రం అలాగే ఉంది. అలాంటి ఎనిమిది మంది స్వచ్ఛందంగా ముందుకొచ్చి, కొన్ని సెకన్లపాటు బరువు లేని స్థితినిచ్చే విమానం ఎక్కారు. క్యాన్సర్‌ని దాటొచ్చిన మనుషులు, తాము ఎప్పటికీ వెళ్ళని అంతరిక్షం కోసం, ఎవరో వ్యోమగామి కళ్ళ కోసం వెళ్ళారు. వాళ్ళకి ఒక సెల్యూట్ కొట్టాలి.

2017లో వచ్చిన ఆ రిజల్ట్ అందర్నీ ఆశ్చర్యపరిచింది. బరువు లేనప్పుడు తలలో ఒత్తిడి, పడుకున్నప్పటి కంటే తక్కువ. కానీ నిలబడినప్పటి కంటే ఎక్కువ. అర్థమైందా? భూమి మీద మనం రోజులో మూడింట రెండొంతులు కూర్చునో, నిలబడో ఉంటాం. అప్పుడు తలకి రెస్ట్ దొరుకుతుంది. అంతరిక్షంలో నిలబడటం అనేదే లేదు. అంటే ఒత్తిడి బాగా ఎక్కువ కావడం కాదు, తక్కువే, కానీ 24 గంటలూ, నెలల తరబడి, ఆగకుండా. మెమరీ లీక్ అన్నాను కదా, సరిగ్గా అదే.

అదే ఏడాది పేరు కూడా మార్చారు. శాన్స్ అన్నారు. అంతరిక్ష ప్రయాణంతో వచ్చే కంటి-నరాల సమస్యల గుంపు అని అర్థం. "ఒత్తిడి" అనే మాట తీసేశారు, ఎందుకంటే కారణం అదొక్కటే అని ఎవరూ ఖాయం చెయ్యలేకపోయారు. తెలియనిదాన్ని తెలిసినట్టు పేరులో పెట్టకపోవడం, అదీ సైన్స్ మర్యాద. దీర్ఘకాలం ఉన్నవాళ్ళలో 70 శాతం దాకా కంటి వెనక ఎంతో కొంత వాపు కనిపిస్తుందని నాసా చెబుతోంది.

ఇక మెదడు. 2017లోనే డోనా రాబర్ట్స్ టీమ్ వ్యోమగాముల ఎంఆర్ఐలు పోల్చి చూసింది. పుర్రెలో మెదడు కాస్త పైకి జరిగింది. మెదడు మధ్యలో ఉండే ఒక గాడి దీర్ఘకాలం ఉన్న 18 మందిలో 17 మందికి ఇరుకైంది. చిన్న మిషన్లకి వెళ్ళిన 16 మందిలో ముగ్గురికే. 2023లో రేచల్ సైడ్లర్ టీమ్ 30 మందిని చూసి ఇంకో మాట చెప్పింది. మెదడు లోపల ద్రవం ఉండే గదులు ఆరు నెలల దాకా పెద్దవవుతాయి, ఆ తర్వాత పెరగడం నెమ్మదిస్తుంది. అవి కోలుకోవడానికి ఒక మిషన్‌కీ ఇంకో మిషన్‌కీ మధ్య కనీసం మూడేళ్ళు కావాలి.

ఇంకో షాక్ ఏంటంటే, ఈ ద్రవాల కదలిక మీద స్టడీ చేస్తుండగా, ఐఎస్ఎస్‌లో ఉన్న ఒక వ్యోమగామి మెడ సిరలో రక్తం గడ్డ దొరికింది. లక్షణాలు ఏమీ లేవు. అల్ట్రాసౌండ్ చెయ్యకపోతే తెలిసేదే కాదు. కింద నుంచి డాక్టర్లు గైడ్ చేస్తే 90 రోజులకి పైగా మందులతో చికిత్స జరిగింది. సరిపడా మందులు లేకపోతే కార్గో షిప్‌లో పంపారు. భూమికి 400 కిలోమీటర్ల దూరం కాబట్టి పంపారు. మార్స్‌కి వెళ్ళే దారిలో అయితే?

అదీ అసలు పాయింట్. మార్స్‌కి వెళ్ళిరావాలంటే దాదాపు మూడేళ్ళు. మధ్యలో మందు రాదు, కళ్ళజోడు రాదు, వెనక్కి తిరగడం కుదరదు. ఇప్పటిదాకా ఏ వ్యోమగామికీ దీనివల్ల కళ్ళు పోలేదు, అది మంచి వార్త. కానీ కొందరిలో ఆ ముడతలు కిందికి వచ్చాక కూడా ఏళ్ళ తరబడి మిగిలాయి.

మరి కాపాడుకోవడం ఎలా? మొదటిది, చూస్తూ ఉండటం. 2013 నుంచి రెటీనా పొరల్ని స్కాన్ చేసే ఓసిటి యంత్రం ఐఎస్ఎస్‌లోనే ఉంది. మన ఊళ్ళల్లో పెద్ద కంటి ఆసుపత్రుల్లో గడ్డం ఆనించి కూర్చోబెడతారే, అదే. రెండోది, ద్రవాన్ని మళ్ళీ కిందికి లాగడం. రష్యన్ల దగ్గర చిబిస్ అనే ప్యాంటు ఉంది. నడుము కింద గాలి తీసేస్తే రక్తం కాళ్ళలోకి దిగుతుంది. లెవిన్ టీమ్ ఇదే ఐడియాతో ఒక స్లీపింగ్ బ్యాగ్ చేసింది. పది మంది మూడు రోజులు మంచం దిగకుండా పడుకున్నారు. రాత్రి 8 గంటలు ఆ బ్యాగ్‌లో ఉన్నప్పుడు కంటి వెనక మార్పులు తగ్గాయని 2021లో ప్రచురించారు. మూడోది, ఆహారం. సమస్య వచ్చినవాళ్ళ రక్తంలో బి విటమిన్లతో ముడిపడ్డ కొన్ని పదార్థాలు ఎక్కువున్నాయని నాసా న్యూట్రిషన్ టీమ్ 2012లో గమనించింది. అందుకే బి విటమిన్లు ఇచ్చి చూస్తున్నారు. వీటిలో ఏదీ ఇంకా పూర్తి పరిష్కారం కాదు.

మనకి దీంతో ఏం సంబంధం? శ్రీహరికోట నుంచి వెళ్ళబోయే గగన్‌యాన్ ప్లాన్ మూడు రోజులు. శుభాంశు శుక్లా 2025లో వెళ్ళింది సుమారు 20 రోజులు. అంత తక్కువ టైమ్‌లో ఇది పెద్ద సమస్య కాదు. కానీ 2035 కల్లా మనకంటూ ఒక అంతరిక్ష కేంద్రం కట్టాలని ఇండియా అనుకుంటోంది. అక్కడ నెలల తరబడి ఉండబోయేవాళ్ళలో కొందరు ఇప్పుడు బహుశా బీటెక్ క్లాసులో ఉండి, ఫోన్‌లో ఈ వీడియో చూస్తున్నారేమో.

వాళ్ళకి నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఈ కథలో తలుపు తెరిచింది పెద్ద యంత్రం కాదు. నాకు మసకగా ఉంది, కొంచెం చూడు అని ఒకరినొకరు అడిగిన ఇద్దరు మనుషులు. అలా అడిగితే ఉద్యోగం పోతుందనే భయం ఉన్న చోట ఎన్ని యంత్రాలు పెట్టినా లాభం లేదు. మా పెదనాన్నకి ఆ మాట చెప్పే ధైర్యం ఎవరైనా ఇచ్చి ఉంటే, ఆయన చార్ట్ బట్టీ పట్టేవాడు కాదు.

మీ ఇంట్లో కూడా ఫోన్‌ని చెయ్యి చాపి దూరంగా పట్టుకుని చదివేవాళ్ళు ఎవరో ఒకరు ఉంటారు. నవ్వకండి. ఈ ఆదివారం వాళ్ళని కళ్ళ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.